అలుపును మచ్చిక చేసుకున్న మనిషి

ఈ ఏటి సావనీరుకు వ్యాయామం గురించి ఏదైనా రాయమని మిత్రులు అడిగినప్పుడు, ఏ ఆసనం వేస్తే ఏ జబ్బు పోతుంది, రోజుకు ఎన్ని బస్కీలు తీస్తే ఎంత కండ పడుతుంది అనే ధోరణిలో రాయడానికి నాకు మనసొప్పలేదు. అలాంటి పుస్తకాలు బజార్లో కావలసినన్ని ఉన్నాయి. కొన్నవాళ్ళు నాలుగురోజులు ఉత్సాహంగా చేస్తారు, ఐదోరోజు వాన పడుతుంది, ఆరోరోజు పరీక్ష వస్తుంది, ఏడోరోజుకు పుస్తకం అటకెక్కుతుంది. అందులో పుస్తకం తప్పేమీ లేదు. రోజూ చేయడమనేదే అసలైన విద్య. ఆ విద్యను లెక్కలకన్నా, బొమ్మలకన్నా ఒక మనిషి జీవితం బాగా నేర్పుతుందని నా నమ్మకం. అందుకని ఒక మనిషి కథ చెబుతాను.

అతని పేరు ఎమిల్ జాటోపెక్. చెకోస్లొవేకియా దేశస్థుడు. ఆ పేరుగల దేశం ఇప్పుడు లేదు. 1993లో చెక్ అనీ, స్లొవాక్ అనీ రెండు దేశాలుగా విడిపోయింది. 1952లో ఫిన్లాండు రాజధాని హెల్సింకీలో జరిగిన ఒలింపిక్స్‌లో ఎనిమిది రోజుల వ్యవధిలో అతను 10,000 మీటర్లు, 5,000 మీటర్లు, మారథాన్ – మూడింటిలోనూ బంగారు పతకాలు గెలిచాడు. ఒకే ఒలింపిక్స్‌లో ఈ మూడూ గెలిచినవాడు అతనికి ముందు లేడు, తరువాత ఈనాటివరకూ లేడు. జాటోపెక్ 2000 నవంబరులో కన్నుమూశాడు. ఇవాళ మన తరగతుల్లో కూర్చుంటున్న విద్యార్థుల్లో చాలామంది అప్పటికింకా పుట్టనేలేదు. అందుకే మళ్ళీ ఒకసారి చెప్పుకోవలసిన కథ ఇది.

ఇంత ఘనత వినగానే మనలో చాలామంది అనే మాట ఒకటుంది: వాళ్ళ పుట్టుకే వేరండీ, ఆ ఒళ్ళే వేరు, మనకెక్కడ సాధ్యం అని. జాటోపెక్ జీవితం చదివితే సరిగ్గా ఆ మాటే నిలబడదు.

అతను 1922 సెప్టెంబరు 19న మొరావియా ప్రాంతంలోని కోప్రివ్నిట్సే అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి వడ్రంగి. చాలామంది పిల్లలున్న సామాన్యమైన సంసారం. పై చదువులకు స్తోమత లేదు. కౌమారంలోనే జ్లిన్ పట్టణంలోని బాటా చెప్పుల ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. బాటా అంటే మనవాళ్ళకు పరిచయం అక్కర్లేదు. కలకత్తా దగ్గర బాటానగర్ అని ఒక ఊరే ఆ పేరుమీద వెలిసింది. మన ఊళ్ళలో బడి తెరిచే రోజుల్లో పిల్లల కాళ్ళకు ఎక్కిన ఆ కంపెనీ పుట్టిల్లే ఈ జ్లిన్. అక్కడ పగలు పని, రాత్రి చదువు. ఆటలమీద ఆ కుర్రవాడికి ధ్యాసే లేదు.

1941 మే నెలలో ఆ పట్టణంలో ఏటా జరిగే పరుగుపందెం వచ్చింది. ఫ్యాక్టరీ క్రీడల శిక్షకుడు చాలా కఠినుడు. నలుగురు కుర్రాళ్ళను వేలెత్తి చూపించి పందెంలో పరుగెత్తి తీరాలన్నాడు. ఆ నలుగురిలో ఎమిల్ ఒకడు. తాను బలహీనుణ్ణనీ, పరుగెత్తడం తనవల్ల కాదనీ మొరపెట్టుకున్నాడు. శిక్షకుడు వినలేదు, డాక్టరు దగ్గరికి పంపించాడు. డాక్టరు పరీక్షచేసి, ఇతనికి ఏ రోగమూ లేదని తేల్చేశాడు. ఇక గత్యంతరం లేక వెళ్ళి గీత మీద నిలబడ్డాడు. సుమారు వందమంది పరుగెత్తిన ఆ పందెంలో రెండోవాడుగా వచ్చాడు. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్ళు నిండాయి. తప్పించుకోజూసిన పనే తనకు నచ్చిందని అతనికి ఆరోజు తెలిసింది. మన కాలేజీ విద్యార్థుల వయసది. ఆ వయసుదాకా పరుగంటే ఏమిటో ఎరగనివాడు ఆ తరువాత ఏమయ్యాడో చూడండి.

ఆ రోజుల్లో దేశం నాజీల ఆక్రమణలో ఉంది. తిండికి కటకట, బట్టకు కటకట. శిక్షణ ఇచ్చే గొప్ప గురువులెవరూ దగ్గరలో లేరు. స్థానిక క్లబ్బులో చేరి, ఫిన్లాండు వీరుడు పావో నూర్మి ఎలా సాధన చేసేవాడో చదివి, దాన్నిబట్టి తన పద్ధతిని తానే తయారుచేసుకున్నాడు. మూడేళ్ళు తిరిగేసరికి, 1944 నాటికి, 2,000, 3,000, 5,000 మీటర్ల పరుగుల్లో తన దేశపు రికార్డులన్నీ అతని పేరుకు మారాయి.

ఈ మూడేళ్ళలో అతనేం చేశాడన్నదే మనకు ముఖ్యం. పనికి వెళ్ళే దారిలో వరసగా పోప్లార్ చెట్లుండేవి. మన రోడ్ల పక్కన అశోకచెట్లలాగా నిటారుగా పెరిగే చెట్లవి. మొదటిరోజు ఊపిరి బిగబట్టి నాలుగో చెట్టుదాకా నడిచాడు. కొన్నాళ్ళకు ఐదో చెట్టు. ఆ తరువాత ఆరోది. ఇలా పెంచుకుంటూపోయి చివరికి ఒకరోజు ఆ వరస చివరిదాకా ఊపిరి తీయకుండా వెళ్ళి, అక్కడ స్పృహతప్పి పడిపోయాడు. ఈ పడిపోయే భాగాన్ని మాత్రం ఎవరూ అనుకరించవద్దు. ఊపిరి బిగబట్టి మూర్ఛపోవడం వ్యాయామం కాదని ఈనాటి వైద్యులు గట్టిగా చెబుతారు. నన్ను ఆకట్టుకున్నది వేరు. దానికోసం అతను ప్రత్యేకంగా కేటాయించిన సమయం లేదు, కొన్న సామాను లేదు. ఎలాగూ నడవాల్సిన దారినే సాధనకు వాడుకున్నాడు. నిన్నటి చెట్టుకూ ఇవాళ్టి చెట్టుకూ ఉన్న దూరమెంత? నాలుగడుగులు. ఆ నాలుగడుగుల పెంపకమే అతని పద్ధతి మొత్తం.

మన భాషలో ఒక చక్కటి మాటుంది – దమ్ము. ఊపిరికీ అదే మాట, ఓపికకూ అదే మాట, ధైర్యానికీ అదే మాట. ఈ మూడూ వేరువేరు కావని జాటోపెక్ తన ఒంటితోనే తెలుసుకున్నాడు.

ఇక అతని పరుగు సాధన. దూరం పరుగెత్తాలంటే రోజూ దూరం పరుగెత్తాలని అందరూ అనుకునే కాలమది. అతను వేరేగా ఆలోచించాడు. నెమ్మదిగా పరుగెత్తడం తనకెలాగూ వచ్చు, నేర్చుకోవలసింది వేగం కదా అనుకున్నాడు. అందుకని దూరాన్ని ముక్కలు చేశాడు. ఒక ముక్క వేగంగా పరుగెత్తడం, తరువాత 200 మీటర్లు మెల్లగా కదులుతూ కాస్త తేరుకోవడం, మళ్ళీ వేగంగా ఇంకో ముక్క. అతను చాలాకాలం పాటించిన క్రమం ఇది: ముందు 200 మీటర్లు ఐదుసార్లు, తరువాత 400 మీటర్లు ఇరవైసార్లు, చివర మళ్ళీ 200 మీటర్లు ఐదుసార్లు. లెక్కేసి చూడండి, వేగంగా పరుగెత్తినదే 10 కిలోమీటర్లు. మధ్యలో మెల్లగా పరుగెత్తినది దీనికి అదనం. తరువాతి సంవత్సరాల్లో ఈ 400 మీటర్ల పరుగును నలభైసార్లకూ, కొన్నాళ్ళు అంతకుమించీ పెంచాడు. ఇలాంటి పద్ధతిని 1930లలోనే జర్మనీలో గెర్ష్‌లర్ అనే శిక్షకుడు నడిపాడు. జాటోపెక్ దాన్ని అప్పటికెవరూ ఊహించనంత దూరం తీసుకుపోయాడు.

ఇందులోని కిటుకును వ్యాయామశాస్త్రం ఇప్పుడు చక్కగా వివరిస్తుంది. వేగంగా పరుగెత్తినప్పుడు గుండె జోరుగా కొట్టుకుంటుంది. మధ్యలో మెల్లగా కదిలినప్పుడు కాస్త తేరుకుంటుంది, పూర్తిగా తేరుకోకముందే మళ్ళీ పని పడుతుంది. నెలల తరబడి ఇలా సాగితే గుండె ప్రతి కొట్టుకూ ఎక్కువ రక్తాన్ని పంపగలిగే స్థితికి వస్తుంది. కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. ఈ మార్పులన్నీ కుదురుకునేది పరుగు అయిపోయాక, తిండి తిని కంటినిండా నిద్రపోయినప్పుడు. అంటే పరుగెత్తడం సగం పని, తేరుకోవడం మిగతా సగం. రాత్రి రెండింటిదాకా మేలుకుని, పొద్దున్నే గ్రౌండులో ఒళ్ళు హూనం చేసుకునే మన హాస్టలు మిత్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

యుద్ధం ముగిశాక 1945లో జాటోపెక్ సైన్యంలో చేరాడు. సైనికుడికి తీరిక ఎక్కడిది అనుకుంటాం. అతను తీరిక దొరికే చోట్లు వెతికాడు. బరువైన మిలిటరీ బూట్లు తొడుక్కుని అడవి దారుల్లోనూ, మంచులోనూ పరుగెత్తాడు. పగలు కుదరకపోతే రాత్రి టార్చిలైటు పట్టుకుని పరుగెత్తాడు. కాపలా డ్యూటీలో నిలబడిన చోటే కాళ్ళు ఎత్తివేస్తూ పరుగెత్తాడు. బూట్లు బరువుగా ఉన్నాయని అతను బాధపడలేదు. వాటితో అలవాటైతే పందెంనాడు తేలికపాటి బూట్లు తొడుక్కున్నప్పుడు కాలు గాలిలో తేలుతుందని అతని లెక్క. పెళ్ళయ్యాక ఇంట్లో బట్టలుతికే వంతు వస్తే స్నానాలతొట్టిలో బట్టలువేసి, నీళ్ళూ సబ్బూ పోసి, వాటిమీద ఉన్నచోటే పరుగెత్తేవాడు. బట్టల మురికీ వదిలేది, కాళ్ళకు పనీ దొరికేది. ఇది విని నవ్వుకుంటాం. కానీ టైములేదు అనే మాట అతని దగ్గర ఎందుకు చెల్లలేదో కూడా ఇందులోనే ఉంది.

అతను పరుగెత్తే తీరు చూడముచ్చటగా ఉండేది కాదు. తల ఒక పక్కకు వాలిపోయేది, నాలుక బయటికి వచ్చేది, ముఖం నొప్పితో మెలితిరిగిపోయినట్టుండేది. చూసేవాళ్ళకు ఈ క్షణమో మరుక్షణమో పడిపోతాడేమో అనిపించేది. అందం చూసి మార్కులు వేసే పోటీ కాదుగదా, ముందు వేగం సంగతి చూద్దాం అన్నట్టుండేది అతని ధోరణి.

1948లో లండన్ ఒలింపిక్స్. 10,000 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్‌మీద ఇరవైఐదు రౌండ్లు. జాటోపెక్ 29 నిమిషాల 59.6 సెకన్లలో ముగించి బంగారు పతకం గెలిచాడు. రెండోవాడు ఫ్రాన్సు తరఫున పరుగెత్తిన అలైన్ మిమూన్, ఇతనికి 47 సెకన్లకు పైగా వెనకబడ్డాడు. కొద్దిరోజులకే 5,000 మీటర్ల పందెం. వానలో తడిసి బురదైన ట్రాక్. బెల్జియం వాడైన గాస్టన్ రైఫ్ ఆఖరి రౌండులో ఎంతో ముందున్నాడు. పందెం అయిపోయిందని అందరూ అనుకున్నాక జాటోపెక్ విజృంభించాడు. రెండో స్థానంలో ఉన్నవాణ్ణి దాటి, రైఫ్ వెన్నంటి వచ్చి, సెకనులో అయిదోవంతు తేడాతో ఓడిపోయాడు. ఆ రజతం బంగారంకన్నా ఎక్కువగా జనానికి గుర్తుండిపోయింది.

అదే సంవత్సరం అతను డానా ఇంగ్రోవాను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఈటె విసిరే క్రీడాకారిణి. ఇద్దరూ ఒకే సంవత్సరం, ఒకే నెల, ఒకే తేదీన పుట్టినవాళ్ళు. మన జాతకాలవాళ్ళు వింటే ఏమనేవారో!

1951 సెప్టెంబరులో స్టారా బోలెస్లావ్ అనేచోట ఒక గంటలో 20 కిలోమీటర్ల 52 మీటర్లు పరుగెత్తాడు. గంటలో ఇరవై కిలోమీటర్లు దాటిన మొట్టమొదటి మనిషి అతనే. మన ఊళ్ళలో సైకిలు మీద తాపీగా వెళ్ళేవాళ్ళు కూడా ఆ గంటలో అతనికి వెనకబడేవారు.

హెల్సింకీకి బయలుదేరే ముందు ఒక సంఘటన జరిగింది. దాన్ని నేను అతని పతకాలతో సమానంగా ఎంచుతాను. స్టానిస్లావ్ యుంగ్‌విర్త్ అనే 1,500 మీటర్ల పరుగు వీరుణ్ణి, అతని తండ్రి రాజకీయాలు ప్రభుత్వానికి గిట్టని కారణంగా, జట్టునుంచి తప్పించారు. యుంగ్‌విర్త్ రాకపోతే తానూ రానని జాటోపెక్ పట్టుబట్టాడు. జట్టు విమానం అతను లేకుండానే వెళ్ళిపోయింది. అది కమ్యూనిస్టు ప్రభుత్వం, అతను సైన్యంలో అధికారి. అలాంటి మొండిపట్టుకు జైలు పడినా అడిగే దిక్కుండేది కాదు. చివరికి అధికారులే దిగివచ్చారు. ఇద్దరూ తరువాతి విమానంలో హెల్సింకీ చేరారు. గెలవకుండా తిరిగొస్తే ఏమై ఉండేదో ఊహించుకోవచ్చు.

జులై 20న 10,000 మీటర్లు గెలిచాడు. జులై 24న 5,000 మీటర్లు. ఈ రెండో పందెం చివరి రౌండు గురించి ఈనాటికీ చెప్పుకుంటారు. బ్రిటన్‌కు చెందిన చాటవే, జర్మనీకి చెందిన షాడె, మిమూన్ ముగ్గురూ అతన్ని దాటి వెళ్ళిపోయారు. జాటోపెక్ నాలుగో స్థానంలో పడ్డాడు. ఆఖరి మలుపులో, నాలుక బయటపెట్టి, పక్కనుంచి చుట్టుకొచ్చి ముగ్గుర్నీ దాటేశాడు. చాటవే ట్రాక్ అంచు తగిలి పడిపోయాడు. ఆఖరి రౌండును అంత వేగంగా ముగించే శక్తి ఎక్కణ్ణుంచి వచ్చింది? 400 మీటర్ల పరుగును రోజుకు ఇరవైసార్లు, నలభైసార్లు చేసినవాడికి ఆ 400 మీటర్లు కొత్తేమీ కాదు. అదేరోజు కొద్దిసేపటికే డానా 50.47 మీటర్ల దూరం ఈటె విసిరి తన బంగారు పతకాన్ని గెలిచింది. ఒకే ఇంటికి ఒకే మధ్యాహ్నం రెండు బంగారు పతకాలు!

జులై 27న మారథాన్. 42 కిలోమీటర్ల 195 మీటర్లు. జాటోపెక్ అంతకుముందు ఒక్క మారథాన్ కూడా పరుగెత్తి ఎరగడు. ఆ విద్యలో అప్పటి మేటి బ్రిటన్‌కు చెందిన జిమ్ పీటర్స్. అతని పక్కనే పరుగెత్తుతూ, ఈ వేగం సరిపోతుందా అని అమాయకంగా అడిగాడు. ఇతన్ని అలసటపెట్టాలనే ఉద్దేశంతో పీటర్స్, చాలదన్నాడు. జాటోపెక్ నిజమేననుకుని వేగం పెంచి ముందుకు వెళ్ళిపోయాడు. పీటర్స్ కాళ్ళు పట్టేసి పందెం మధ్యలోనే ఆగిపోయాడు. జాటోపెక్ 2 గంటల 23 నిమిషాల 3 సెకన్లలో స్టేడియంలోకి వచ్చేసరికి జనం లేచి నిలబడి అతని పేరు జపంలా అరిచారు. రెండోవాడు వచ్చింది రెండున్నర నిమిషాల తరువాత. జమైకా రిలే జట్టు కుర్రాళ్ళు జాటోపెక్‌ను భుజాలకెత్తుకుని మైదానమంతా తిప్పారు.

1954లో మే 30న 5,000 మీటర్లను 13 నిమిషాల 57.2 సెకన్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. రెండురోజులు గడిచాక జూన్ 1న 10,000 మీటర్లను 28 నిమిషాల 54.2 సెకన్లలో ముగించాడు. 29 నిమిషాల గడప దాటిన మొదటి మనిషి కూడా అతనే. అయితే ఏ ఒంటికైనా హద్దుంటుంది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు ముందు సాధనలో గజ్జల దగ్గర దెబ్బతగిలి ఆస్పత్రి పాలయ్యాడు. పూర్తిగా కోలుకోకుండానే మారథాన్‌లో దిగి ఆరోవాడుగా వచ్చాడు. గెలిచినవాడు మిమూన్ – మూడు ఒలింపిక్ పందేల్లో ఇతని వెనకే రెండోవాడుగా నిలిచిన మిమూన్. గీత దాటి వచ్చిన జాటోపెక్‌కు అతనే ఎదురొచ్చి తాను గెలిచానని చెప్పాడు. జాటోపెక్ టోపీ తీసి సెల్యూట్ చేసి, అతన్ని కావలించుకున్నాడు. ఓటమికి కూడా దమ్ము కావాలి.

1966లో ఆస్ట్రేలియా పరుగు వీరుడు రాన్ క్లార్క్ ప్రాగ్ నగరానికి వచ్చాడు. క్లార్క్ ప్రపంచ రికార్డులు ఎన్నో నెలకొల్పినా ఒలింపిక్ బంగారు పతకం మాత్రం దక్కలేదు. తిరుగు ప్రయాణంలో విమానాశ్రయం దగ్గర జాటోపెక్ అతని చేతిలో ఒక చిన్న పొట్లం పెట్టాడు. తరువాత విప్పిచూస్తే అందులో 1952 నాటి 10,000 మీటర్ల బంగారు పతకం ఉంది.

ఇక్కడితో ఆపేస్తే ఈ కథ అందమైన పతకాల కథగా ముగుస్తుంది. కానీ తరువాతి భాగం చెప్పకపోతే నేను ఈ వ్యాసం రాసి ప్రయోజనం లేదు.

1968 వసంతంలో దుబ్చెక్ నాయకత్వంలో చెకోస్లొవేకియాలో స్వేచ్ఛాగాలులు వీచాయి. కర్నల్ హోదాలో ఉన్న జాటోపెక్ ఆ సంస్కరణల పక్షాన నిలబడ్డాడు. ఆగస్టులో సోవియట్ టాంకులు ప్రాగ్ వీధుల్లోకి వచ్చాయి. జాటోపెక్ వెన్సెస్లాస్ చౌకులో జనం మధ్య నిలబడి మాట్లాడాడు. ఆ సైనికులతోనే వాదించాడు. ఫలితం తెలిసిందే. సైన్యంనుంచి తొలగించారు, పార్టీనుంచి బహిష్కరించారు. దేశమంతా నెత్తిన పెట్టుకున్న మనిషికి తన ఊళ్ళోనే ఉద్యోగం దొరకలేదు. చివరికి భూమిలో బోర్లు వేసే ఒక సంస్థలో కూలిపనికి కుదిరాడు. బోరులారీలు మన పల్లెల్లో తిరిగినట్టే, ఆ జట్టుతోపాటు ఊరూరా తిరుగుతూ, ఒక చక్రాల బండిలో నివాసముంటూ, ఇల్లూ భార్యా దూరమై కొన్ని సంవత్సరాలు గడిపాడు. అప్పటికి అతనికి యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. అదివరకు బూట్ల బరువును సాధనగా మార్చుకున్న మనిషికి ఆ గొట్టాల బరువు మోయడం ఒంటికి కష్టం కాకపోయి ఉండవచ్చు. మనసుకో?

1971లో అతను తన పాత మాటలను వెనక్కి తీసుకుంటూ పత్రికాముఖంగా ప్రకటన ఇచ్చాడు. అతనితోపాటు నిలబడినవాళ్ళలో కొందరికి ఇది గుచ్చుకుంది. అభిమానుల్లో కొందరు ఈ ఘట్టాన్ని దాటవేస్తారు. నేను దాటవేయదలచుకోలేదు. పందెంలో ఎదుటివాడు కనిపిస్తాడు, గీత కనిపిస్తుంది, ఇంకెన్ని రౌండ్లున్నాయో లెక్క ఉంటుంది. రాజ్యం పెట్టే పరీక్షలో ఎన్ని రౌండ్లో ఎవరికీ తెలియదు. తన ఒక్కడి ఊపిరైతే బిగబట్టవచ్చు. చుట్టూ ఉన్నవాళ్ళ బతుకులు కూడా దానికి ముడిపడి ఉంటే ఎంతకాలం బిగబట్టగలం? హెల్సింకీ విమానం ఎక్కనన్న మనిషీ ఇతనే, ప్రకటనమీద పేరు పెట్టిన మనిషీ ఇతనే. మొదటిది చూసి దేవుణ్ణి చేయడం, రెండోది చూసి పిరికివాణ్ణి చేయడం, రెండూ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఇచ్చే తీర్పులని నా అభిప్రాయం.

తరువాత అతనికి ప్రాగ్‌లో ఒక క్రీడా సంస్థలో విదేశీ పత్రికలు చదివి అనువదించే చిన్న ఉద్యోగం ఇచ్చారు. అతనికి చాలా భాషలు వచ్చు, పరుగులాగే వాటినీ రోజూ కొంచెం కొంచెంగా నేర్చుకున్నాడు. 1989లో ప్రభుత్వం మారాక, 1990లో అతని గౌరవాన్ని దేశం అధికారికంగా తిరిగి ఇచ్చింది. పదేళ్ళ తరువాత అతను పోయినప్పుడు ప్రాగ్ నగరంలోని నేషనల్ థియేటర్‌లో అంత్యక్రియల సభ జరిగింది. ప్రపంచం నలుమూలలనుంచీ క్రీడాకారులు వచ్చారు. డానా తొంభైఏడేళ్ళు బతికి 2020 మార్చిలో కన్నుమూసింది.

ఈ జీవితంనుంచి మన విద్యార్థులు తీసుకోదగినవి నాకు మూడు కనిపిస్తున్నాయి.

మొదటిది, స్థలమూ సామానూ లేవన్న సాకు. ఇవాళ వ్యాయామమంటే జిమ్ముకు నెలకింత కట్టాలి, ప్రత్యేకమైన బూట్లు కొనాలి, డబ్బాల్లో అమ్మే పొడులు తాగాలి అనే భ్రమ బలపడింది. పూర్వం మన ఊళ్ళలో తాలింఖానా అంటే నాలుగు గదలూ, కాస్త మెత్తటి మన్నూ, ఒక గురువూ. అంతకన్నా తక్కువతో జాటోపెక్ మొదలుపెట్టాడు. మన హాస్టలుకు మెట్లున్నాయి. మన కాలేజీకి గ్రౌండుంది. బస్టాండునుంచి కాలేజీదాకా దారి ఉంది. ఆ దారిని ఆటో ఎక్కకుండా వడిగా నడిస్తే అదే వ్యాయామం.

రెండవది, పెంపకంలో నిదానం. ఇవాళ ఒక రౌండు పరుగెత్తగలిగినవాడు రేపే పది రౌండ్లు మొదలుపెడితే మోకాలు పడుతుంది, ఎల్లుండికి ఉత్సాహం పోతుంది. ఒక రౌండు వేగంగా, ఒక రౌండు నడక. ఇలా మూడుసార్లతో మొదలుపెట్టి, వారానికొకటి చొప్పున పెంచితే చాలు. ఒక సెమిస్టరు గడిచేసరికి మీ దమ్ము ఎంత పెరిగిందో మీకే తెలుస్తుంది. గుండె జబ్బుగాని, ఆయాసంగాని ఉన్నవాళ్ళు డాక్టరుకు చూపించుకుని మొదలుపెట్టాలి. జాటోపెక్ కూడా డాక్టరు దగ్గరికి వెళ్ళాకే మొదటి పందెం పరుగెత్తాడు!

మూడవది, మన ఆడపిల్లల సంగతి. హెల్సింకీలో ఆ మధ్యాహ్నం ఒకే ఇంట్లో ఇద్దరు గెలిచారంటే ఆ ఇంట్లో ఇద్దరూ సాధన చేశారన్నమాట. బట్టలుతికే తొట్టిలో పరుగెత్తింది భర్త అని కూడా గుర్తుంచుకోండి. సాయంత్రం ఆరుదాటితే లేడీస్ హాస్టలు గేటు మూసేసి, మగపిల్లలకు మాత్రం గ్రౌండు వదిలిపెట్టే పద్ధతి ఎక్కడ ఉన్నా మారాలి. రోజూ చేయడానికి మనసు ఒక్కటే ఉంటే చాలదు, రోజూ తెరిచి ఉండే గేటు కూడా కావాలి. ఇది విద్యార్థి సంఘం పట్టుబట్టి సాధించవలసిన విషయమని నా మనవి.

పతకాలు మనందరికీ రావు. రానక్కర్లేదు కూడా. కానీ నాలుగు అంతస్తులు ఎక్కి తరగతికి వచ్చేసరికి ఆయాసపడని గుండె, పరీక్షల నెలంతా నీరసపడని ఒళ్ళు, కష్టమొచ్చినప్పుడు ఇంకొక్క చెట్టుదాకా నడుద్దామనే పట్టుదల – ఇవి ఎవరికైనా అందుబాటులో ఉన్నవే. ఉదయం ఆరింటికి వెలుగొస్తుంది. మొదటిరోజుకు ఒక్క రౌండు చాలు. రెండోరోజు కూడా రావడమే కష్టం; ఆ రెండోరోజు వచ్చి చూడండి.